తుడవని బోర్డు

పొద్దున ఎనిమిదిన్నరకు ఆటో వస్తుందన్న మాట చదివినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది.

దాని పైన మా ఇంటి ఫోటో ఉంది. ఫోటో చూసి భయపడలేదు. రోజూ లోపలి నుంచి చూసే ఇంటిని ఫోటోలో వెంటనే గుర్తుపట్టలేం. గేటు పక్కన నీళ్ళ డ్రమ్ము మీద ఆరేసిన చిన్న నిక్కరు చూసి, మావాడికీ ఇలాంటిదే ఉంది కదా అనుకున్నాను. తర్వాత డ్రమ్ముకున్న సొట్ట కనబడింది. అప్పుడు కింద రాసింది చదివాను. "అందరికీ నీతులు చెప్పే మేడం ఇల్లు ఇదే. ఇద్దరు పిల్లలు. పొద్దున ఎనిమిదిన్నరకు ఆటో." ఆ సమయానికి నేను పిల్లలకు పెరుగన్నం కలుపుతున్నాను. చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది. ఉప్పు వెయ్యమని మా పాప ఎన్నిసార్లు అడిగిందో నాకు తెలియదు.

ఆ ఫోటో వచ్చింది 'బోర్డు'లో. బోర్డు అంటే మా రాయచూరులో పుట్టిన వార్తల సైటు. అందులో ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా జవాబు చెప్పవచ్చు. నచ్చినదాన్ని పైకి, నచ్చనిదాన్ని కిందికి నెట్టవచ్చు. రాసినదాన్ని తీసెయ్యడం మాత్రం ఉండదు. ఆ బోర్డును పెట్టిన మనిషి ఈ సాయంత్రం పోయారు. ఆయన మా నాన్న స్నేహితుడు. నేను కాకా అని పిలిచేదాన్ని, నా పిల్లలు తాత అని పిలిచేవాళ్ళు. అంత్యక్రియల సంగతి మాట్లాడటానికి ఆయన కూతురు ఫోన్ చేసి, చివర్లో నన్ను ఇంకో మాట అడిగింది. పొద్దున్నే జవాబు చెప్పాలి. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

కాకా చొక్కా ఏ రంగుదైనా జేబు మాత్రం తెల్లగా ఉండేది. ఎప్పుడూ అందులో సుద్దముక్క ఉండేది. కోటగోడ పక్క సందులో ఆయనకు రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. రేడియోలు పోయాక టీవీలు, టీవీలు పోయాక మొబైళ్ళు బాగుచేశారు. ఏవి మారినా దుకాణం ముందు నల్లబల్ల మారలేదు. నల్లాలో నీళ్ళు ఏ రోజు వస్తాయో, ఎవరింట్లో చావో, ఎవరి మేక తప్పిపోయిందో దాని మీద ఉండేది. ఎవరైనా వచ్చి రాసిపోవచ్చు. పైన మాత్రం తెల్లరంగుతో ఒకే మాటను మూడు వరుసలుగా ఆయనే రాసి పెట్టుకున్నారు. తెలుగులో "తుడవొద్దు, కింద రాయి." కన్నడలో "అళిసబ్యాడ్రి, కెళగ బరీరి." ఉర్దూలో "మిటావ్ నక్కో, నీచే లిఖో." ఆ మూడు భాషలూ ఆయనకు మూడు పనులకు పనికొచ్చేవి. బేరం కన్నడలో, వేళాకోళం ఉర్దూలో, తిట్లు తెలుగులో.

నేను బడికి వెళ్ళే రోజుల్లో మాకు పాలు పోసే ఆయన ఒకసారి సైకిలు అక్కడే పడేసి దుకాణం మీదికి వచ్చాడు. ఆయన పాలల్లో నీళ్ళు ఎక్కువని ఎవరో బోర్డు మీద రాశారు.

"ఎవడు రాసిండు గిది? తుడువు ముందుగాల."

కాకా జేబులోంచి సుద్దముక్క తీసి ఇచ్చారు. "ఇగో పట్టు. కింద నీ జవాబ్ రాయి."

"నాకు రాయరాదని తెల్వదా నీకు?"

"నువ్వు చెప్పు, నేను రాస్త."

పాలాయన కాసేపు ఆలోచించాడు. "రాయి. వానకాలంల మా బర్రె నీళ్ళెక్కువ తాగుతది. దానికి నేనేం జేయాలె?"

కాకా అక్షరం మార్చకుండా అలాగే రాశారు. చదివినవాళ్ళంతా నవ్వారు. పాలాయన కూడా నవ్వాడు. మొదటి మాట రాసిందెవరో చేతిరాత చూసి అందరికీ తెలిసిపోయింది. ఆ మనిషి మర్నాడు పాలాయనకు ఎదురుపడి తల గోక్కున్నాడు. ఆదివారం సాయంత్రం కాకా తడి గోనెసంచితో బోర్డు కడిగారు. ఆ వారం మాటలన్నీ తెల్లటి నీళ్ళయి మోరీలోకి పోయాయి. ప్రతి ఆదివారం అంతే. దుకాణం మూసే ముందు కడిగేసి, సోమవారానికి నల్లగా ఆరబెట్టేవారు.

ఆయన కూతురు కంప్యూటర్లు చదివింది. బోర్డును సైటుగా చేసింది ఆమే. మొదట మా సందువాళ్ళే రాసేవాళ్ళు, ఆ నల్లా నీళ్ళూ ఆ మేకలే. తర్వాత యరగేర నుంచి ఒక రైతు వచ్చాడు. ఆయన వేసిన పత్తి గింజ మొలవలేదు. మొలవని చేనును ఫోటో తీసి, అందరూ వాడే పెద్ద సైటులో పెట్టాడు. అమ్మిన దుకాణం తరఫువాళ్ళు మూకుమ్మడిగా ఫిర్యాదు చేస్తే ఆ ఫోటో మాయమైంది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పోయింది. బోర్డులో పెడితే పోలేదు. దాని కింద జాలహళ్ళి నుంచి ఒకరు, రాష్ట్ర సరిహద్దు అవతల నుంచి ఇంకొకరు తమ చేలు చూపించారు. చివరికి దుకాణం మనిషి కూడా వచ్చి కింద తన మాట రాశాడు. వేరే విత్తనం ఇప్పించాడు. ఆ రోజు కాకా నాకు ఫోన్ చేసి, పలకరింపు కూడా లేకుండా, "చూసినవా బిడ్డా, వాడు గూడ కిందనే రాసిండు," అన్నారు. ఆయన గొంతులో అంత సంతోషం తర్వాత ఎప్పుడూ వినలేదు.

అప్పటికి మా చిన్నవాడు పుట్టి నేను బడిలో టీచరు పని మానేశాను. తెలుగులో వచ్చే వాటిలో ఏది ఏ శీర్షిక కిందికి వెళ్ళాలో సర్ది పెట్టమని కాకా అడిగారు. "ఇంట్ల కూసోనే చెయ్యొచ్చు. పిల్లగాడు పండుకున్నప్పుడు చేసుకో." పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని ఫోను పట్టుకుంటే వంటింట్లోకి లోకం వచ్చేది. నిజం చెప్పాలంటే నాకు చాలా నచ్చింది.

బోర్డు పెరిగింది. బెంగళూరులో ఒక సభకు కాకాను పిలిచి శాలువా కప్పారు. స్వేచ్ఛగా మాట్లాడే హక్కు గురించి అందరూ చాలాసేపు మాట్లాడారట. కాకా వంతు వచ్చినప్పుడు సుద్దముక్క తీసి, ముందు వరుసలో కూర్చున్న పెద్దమనిషికి ఇచ్చి, "నా మాట గలత్ అయితే కింద రాయుండ్రి," అని దిగి వచ్చేశారు. ఆ వీడియో చాలామంది చూశారు. ఆ తర్వాతే ఎక్కడెక్కడివాళ్ళో రావడం మొదలుపెట్టారు. వేరే సైట్లలో నిజం రాసి గెంటించుకున్నవాళ్ళూ వచ్చారు, బూతులు రాసి గెంటించుకున్నవాళ్ళూ వచ్చారు. తలుపు అందరికీ ఒక్కటే. సుద్దతో రాసేటప్పుడు పేరు పెట్టకపోయినా చేతిరాత మనిషిని పట్టించేది. ఇక్కడ అందరి అక్షరాలూ ఒకేలా ఉంటాయి.

దసరాకు ముందు ఒక అమ్మాయి ఫోటో వచ్చింది. చిక్కసూగూరు నుంచి కాలేజీకి బస్సులో వచ్చే పిల్ల. బస్టాండులో ఒక అబ్బాయితో మాట్లాడుతూ ఉంది, అంతే. దాని కింద రాసినవి ఇక్కడ రాయలేను. కాకా చెప్పిన పద్ధతే నేను పాటించాను. కింద రాశాను. నా పేరుతోనే రాశాను. "ఈ పిల్ల ఎవరింటి బిడ్డో మనకు తెలియదు. మన ఇంట్లో పిల్ల అయితే ఇలా రాస్తామా?" ఆ వారంలోనే మా ఇంటి ఫోటో వచ్చింది.

పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. రాసినవాడు ఏ మూల కూర్చుని రాశాడో కనుక్కోవడం కష్టమన్నారు. ఎనిమిదిన్నర ఆటో సంగతి తెలిసినవాడు దూరంలో లేడని మాకు తెలుసు. ఆ రోజు నుంచి మా వీధిలో నన్ను చూసి ఎవరు నవ్వినా, ఇతనేనా అనిపించేది. నవ్వకపోయినా అలాగే అనిపించేది. మావారు ఒక ఆదివారం కూర్చుని నీలం గేటుకు పచ్చరంగు వేశారు. డ్రమ్ము వెనక్కి మార్చారు. పని అయ్యాక రోడ్డు అవతలికి వెళ్ళి చూసి, "ఇప్పుడు ఫోటోల ఇల్లు, మన ఇల్లు ఒక్కతీరు లేవు," అన్నారు. ఆ రంగు ఇంకా ఆరలేదు, ఫోటో కింద ఎవరో రాశారు: "గేటు పచ్చగా అయింది. డ్రమ్ము తీసేశారు. ఇల్లు అదే."

మర్నాటి నుంచి పిల్లలను ముందు గేటు దాటనివ్వలేదు. వెనక ఇంటి పెద్దావిడను అందరం ఖాలా అంటాం, వాళ్ళ పెరటి గోడకు చిన్న తలుపు ఉంది. ఖాలా వంటింటి పక్క నుంచి వెళ్తే అవతలి సందు వస్తుంది. ఆటోను అక్కడికి రమ్మన్నాను. ఖాలా రోజూ తలుపు తీసి పట్టుకుని, పిల్లల చేతుల్లో ఏదో ఒకటి పెట్టేది. "నా ఇంట్లకెల్లి పోతె ఏమైతది అమ్మా, గీ తలుపు గందుకే ఉన్నది," అనేది. మావాడికి అదొక ఆట అయింది. ఇంటి ముందు కిటికీలు మూసేశాను. పగలే లైట్లు వేసుకుని అన్నం తినేవాళ్ళం.

నేను కాకా దగ్గరికి వెళ్ళాను. ఆయన సాసర్లో పోసుకున్న చాయ్ ఊదుకుంటున్నారు.

"కాకా, ఆ ఫోటో తీసెయ్యుండ్రి."

"ఫోటో చూసిన బిడ్డా." చాయ్ తాగకుండా సాసర్ కింద పెట్టారు. "కింద రాయి. నేను గూడ రాసిన, చూడలే?"

"కింద రాస్తే ఏమైతుంది? గేటుకు రంగు మార్చినమని గూడ వాళ్ళే కింద రాసిండ్రు. మీరు చెప్పిన కిందనే."

ఆయన వేలితో సాసర్‌ను పక్కకు జరిపారు.

"నాకోసం కాదు కాకా. పిల్లలు దొంగల తీరు ఎనక తలుపు నుంచి పోతున్నరు."

"నీది తీస్తే యరగేర రైతుది గూడ తియ్యుమంటరు బిడ్డా. రేపు ఇంకొకడు వస్తడు, పెద్దోడు. వానికేం జెప్పాలె నేను?"

అప్పుడు నాకు ఆ గోనెసంచి గుర్తుకొచ్చింది. "మీరు ప్రతి ఐతారం బోర్డు కడుగుతుండె కదా," అన్నాను. "ఎవరు రాసింది ఎంత మంచిదైనా, ఎంత చెడ్డదైనా. పాలాయన మాట గూడ మోరీలకే పాయె. అప్పుడు అడ్డం రాలేదా మీ రూలు?"

కాకా దుకాణం బయట ఉన్న బల్ల వైపు చూశారు. మొబైళ్ళు వచ్చాక దాని మీద ఎవరూ రాయడం లేదు. రూలు వరుసలు మూడూ వెలిసిపోయాయి.

"జాగ లేక కడిగినోణ్ణి," అన్నారు. "ఇష్టం ఉండి గాదు."

"ఆ జాగ లేకపోవుడే మంచిగుండె."

ఆయన జేబులోంచి సుద్దముక్క తీశారు. నాకు ఇవ్వబోయి, ఇవ్వకుండా చేతిలోనే తిప్పుతూ ఉండిపోయారు. నేను లేచి వచ్చేశాను. ఇంటికి వచ్చి, ఇక ఆయనతో మాట్లాడనని మావారికి చెప్పాను.

మర్నాడు పొద్దున బయట చప్పుడైతే పరదా సందులోంచి చూశాను. కాకా తన దుకాణం ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని సైకిలు వెనక కట్టుకుని వచ్చారు. గేటు పక్కన, డ్రమ్ము ఉండే చోట వేసుకుని కూర్చున్నారు. బెల్లు కొట్టలేదు. నేను తలుపు తీసి ఏమిటని అడిగితే, "మాట తియ్యను బిడ్డా. మనిషిని పెడత," అన్నారు. "ఇగ నువ్వు పనిచూసుకో పో."

అప్పటి నుంచి పిల్లలు బడికి వెళ్ళే వేళకు, వచ్చే వేళకు ఆయన అక్కడ ఉండేవారు. మధ్యలో దుకాణానికి వెళ్ళినా కుర్చీ అక్కడే ఉండేది. కోపం ఎన్నాళ్ళు నిలబెట్టుకుంటాం, చాయ్ ఇచ్చాను. సాసర్ తేలేదని అడిగి మరీ తెప్పించుకున్నారు. పిల్లలు లోపల, ఆయన బయట, గేటు ఊచల్లోంచి కబుర్లు. నేల మీద సుద్దతో ఏనుగు వేస్తే, తొండం తప్పుగా ఉందని మా పాప ఊచల్లోంచి చెయ్యి పెట్టి చెరపబోయేది. "తుడవొద్దు. కింద ఇంకోటి నువ్వెయ్," అనేవారు. మా గేటు ముందు తొండాలు తప్పిన ఏనుగులు చాలా ఉండేవి.

"ముందరకెల్లి పంపు బిడ్డా, నేనున్న కదా," అని నాతో రోజూ అనేవారు. నేను ఒక్కరోజు కూడా పంపలేదు.

ఒక సాయంత్రం ఒక కుర్రాడు బండి మీద వచ్చి మా ఇంటి ముందు నెమ్మదించాడు. ముందుకు పోయి, మళ్ళీ తిరిగి వచ్చాడు. చేతిలో ఫోను. నేను పరదా వెనక ఉన్నాను. కాకా కుర్చీలోంచి లేవకుండానే పిలిచారు.

"ఏంది రా అబ్బీ, ఇల్లు దేవులాడుతున్నవా? ఇదే. ఫోటోల నీలం గేటుండె, ఇప్పుడు పచ్చది వేసిండ్రు. ఇట్ల రా."

నాకు ఆయన గొంతు పట్టుకోవాలన్నంత కోపం వచ్చింది. కుర్రాడు బండి ఆపాడు కానీ దిగలేదు.

"నేనేం జెయ్యలే తాతా. ఊకె చూద్దామని."

"చూడు మరి. చూసినవా? ఇల్లే. లోపల ఇద్దరు పిల్లలు, వాళ్ళమ్మ. నువ్వు ఎవరి కొడుకువు?"

కుర్రాడు ఏదో పేరు చెప్పాడు.

"వాని కొడుకువా? మీ నాయిన రేడియో నేనే బాగుజేసిన. గిప్పటిదాక పైసలియ్యలే." కుర్రాడికి నవ్వక తప్పలేదు. "అమ్మా, ఇంకో చాయ్ పంపు," అని లోపలికి కేక వేశారు. నేను పంపలేదు. ఆయన తన సాసర్లో మిగిలింది అతనికి ఇచ్చారు. అతను తాగి వెళ్ళిపోయాడు. కాకా లోపలికి చూసి, "మంచి పోరడే," అన్నారు. "మంచోడైతే ఇల్లు ఎందుకు దేవులాడుతడు?" అన్నాను. మనిషి మొహం చూపిస్తే, పేరు అడిగితే, చాయ్ ఇస్తే చాలని ఆయన నమ్మకం. ఒక సందుకు అది సరిపోయింది. ఆయన పెట్టిన బోర్డు సందు దాటిపోయిందని ఆయనకు ఎవరూ చెప్పలేకపోయారు.

ఆయన మనిషికో రూలు పెట్టలేదని నాకు తర్వాత తెలిసింది. సొంత కూతురి గురించే ఒకడు నీచంగా రాశాడట. అదీ అలాగే ఉంది. "నాది తీస్తే అందరివి తియ్యాలె అక్కా. నాయిన ఒక దినమంత అన్నం తినలే, గని తియ్యమనలే," అని ఆమె ఈ రోజే నాకు చెప్పింది.

ఈ రోజు మధ్యాహ్నం ఆయన మా గేటు నుంచి దుకాణానికి వెళ్ళారు. సాయంత్రం పిల్లలు వచ్చే వేళకు కుర్చీ ఖాళీగా ఉంది. దుకాణంలో చాయ్ తాగుతూ పక్కకు ఒరిగారట. గుండె ఆగిందన్నారు. ఎండలో కూర్చున్నందుకు కాదు కదా అని నేను అడిగాను. కాదని డాక్టరు చెప్పాడట. మళ్ళీ అడిగాను.

బోర్డులో ఆయన పోయిన వార్త అన్నిటికన్నా పైన ఉంది. కింద రాస్తూనే ఉన్నారు. యరగేర రైతు రాశాడు. పాలాయన మనవడు బర్రె సంగతి రాశాడు. పీడ పోయిందని ఒకడు రాశాడు. వాటన్నిటి మధ్యలో ఎవరో, పేరు లేదు, ఇలా రాశారు: "ఇప్పుడు ఆ పచ్చ గేటు దగ్గర ఎవరు కూర్చుంటారు?"

దాన్ని చూసే ఆయన కూతురు అడిగింది. "అక్కా, నాయిన లేడు. ఇప్పుడు సైటు నా చేతిల ఉన్నది. నీ ఇంటి ఫోటో తీసెయ్యమంటవా? పొద్దున చెప్పు."

తీస్తే ఆయన శవం లేవకముందే ఆయన మాట తుడిచినట్టు. ఉంచితే నా పిల్లలు ఎన్నాళ్ళు ఖాలా వంటింటి పక్క నుంచి నడుస్తారు? తీసినా ఆ ఫోటో ఎన్ని ఫోన్లలో ఉందో ఎవరికి తెలుసు? ఎటు చూసినా అదే గోడ. ఇప్పుడు ముందు గది కిటికీ కొద్దిగా తెరిచి చూశాను. వీధి దీపం కింద ఎర్ర కుర్చీ ఉంది. నేల మీద పాప వేసిన ఏనుగు ఉంది, తొండం సరిగ్గానే వచ్చింది.

తెల్లవారింది. ఈ చివరి మాటలు పిల్లలను పంపాక రాస్తున్నాను.

ఫోటో తీసెయ్యమని ఆయన కూతురికి చెప్పాను. కాకా ఉంటే ఒప్పుకునేవారు కాదు. ఆమె, "ఆయనకేం జెప్తం అక్కా?" అంది. ఈ రోజు ఆదివారం అనుకుందామని చెప్పాను.

పిల్లలు బ్యాగులు వేసుకుని అలవాటుగా వెనక తలుపు దగ్గర నిలబడ్డారు. తాత వచ్చాడా అని మావాడు అడిగాడు. నేను ఇద్దరినీ ముందు గదిలోకి తీసుకొచ్చి తలుపు తీశాను. నేను రమ్మన్న ఆటో ముందు గేటు దగ్గరే ఆగి ఉంది.

"తాత ఇగ రాడు బిడ్డా," అన్నాను. "కుర్చీ మాత్రం లోపల పెట్టం. సాయంత్రం ముందర గేటు నుంచే రాండ్రి. కుర్చీల నేను కూసొని ఉంట."